బొర్రా గుహల సంరక్షణ కోరుతూ బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి,

నమస్కారాలు. బొర్రా గుహల గురించి మీకు రెండుసార్లు అర్జీ పెట్టుకున్నాను. జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందూ రాస్తున్నాను.

అనంతగిరి కొండల్లో వాననీరు సున్నపురాయిని కరిగించుకుంటూ దిగి, చుక్కచుక్కగా ఈ రాతి స్తంభాలను పోసింది. వేలెడు పెరగడానికి వందల ఏళ్లు పడుతుంది. మొన్న నా కళ్ల ముందే ఒకాయన పసివాణ్ణి ఎత్తి మరీ స్తంభాన్ని తడిమించాడు. చేతి జిడ్డు అంటిన చోట సున్నం సరిగా పేరదండీ. లైట్ల వెలుగుకు పక్కన రాయి నాచు పట్టి తడి మఖమల్‌లా పచ్చగా ఉంది.

గిరిజన ప్రాంతాల్లో గిరిజనేతరులకు గనుల లీజులు చెల్లవంటూ 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు ఈ బొర్రా ఊళ్ల పోరాటంతోనే వచ్చింది. కాల్సైట్ అనే సున్నపు ఖనిజం తవ్వకాల నుంచి కొండను కాపాడుకున్న గిరిజనులే ఇప్పుడు గైడ్లుగా, బొంగు చికెన్ అమ్ముకుంటూ ఈ గుహను నమ్ముకుని బతుకుతున్నారు. గుహ పాడైతే ముందు పోయేది వాళ్ల కూడు.

మనుషులు లేనప్పుడు లైట్లు వాటంతటవే ఆరిపోవాలి. చేతికందే స్తంభాల ముందు రెయిలింగ్ కట్టాలి. ప్రతి గుంపు వెంట స్థానిక గైడ్ ఉండాలి. శివరాత్రి జాతర లోపు ఈ పనులు పూర్తి చేయించి, నాకు రాతపూర్వకంగా జవాబివ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
విశాఖపట్నం నుంచి ఒక సందర్శకురాలు