తాతయ్యకు నచ్చని ఇంటర్

గిస్‌బరో, ఇంగ్లండ్,
నవంబరు

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. కొత్త మందులతో అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందని తమ్ముడు చెప్పాడు. మనసు కుదుటపడింది.

మొన్న ఫోన్లో మీ మనవరాలు చిట్టి చదువు గురించి చెబితే "మూడే సబ్జెక్టులా? ఇదేం ఇంటరే!" అన్నారు. జూనియర్ కాలేజీలో అన్నేళ్ళు ఫిజిక్స్ చెప్పినవారు మీరు. రెండు ముక్కల్లో చెబితే మీకు ఆనదు. అందుకే రాస్తున్నాను.

మన టెన్త్ లాంటి జీసీఎస్‌ఈ ఇక్కడ పదహారేళ్ళకు అయిపోతుంది. ఆ తర్వాతి రెండేళ్ళ చదువు సిక్స్త్ ఫామ్. అందులో మన ఇంటర్ లాంటి ఎ-లెవెల్స్ చదివేవాళ్ళలో ఎక్కువమంది తీసుకునేది మూడు సబ్జెక్టులే. ఎంపీసీ, బైపీసీ అంటూ గ్రూపులు కట్టి ఇవ్వరు కాబట్టి చిట్టి మ్యాథ్స్, ఫిజిక్స్‌తో పాటు హిస్టరీ తీసుకున్నా ఎవరూ వింతగా చూడలేదు. మూడే కదా అని తేలిగ్గా తీసిపారేయకండి. ఫస్టియర్ మార్కులు కలుపుకోవడం ఉండదు, రెండేళ్ళ చదువుకీ పరీక్షలు చివర్లోనే. టెన్షనంతా అప్పుడే.

దాని కాలేజీ పేరు ప్రయర్ పర్స్‌గ్లవ్. ఈ పేరు వెనక కథ మీకు నచ్చుతుంది. ఈ ఊళ్ళో 1119లో పెట్టిన పెద్ద క్రైస్తవ మఠం ఉండేది. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ దేశంలోని మఠాలన్నీ మూయించినప్పుడు 1540లో ఇదీ పోయింది. అప్పటి మఠాధిపతి రాబర్ట్ పర్స్‌గ్లవ్. మఠం పోయినా ఆయన ఊరిని మరిచిపోలేదు. 1561లో పిల్లలకు ఒక బడి, దిక్కులేని ముసలివాళ్ళకు ఒక ఆశ్రయం కలిపి పెట్టించాడు. ఆ బడే గ్రామర్ స్కూలై, 1971లో సిక్స్త్ ఫామ్ కాలేజీ అయింది. మఠంలో ఇప్పటికీ తూర్పు గోడ నిలబడే ఉంది. అందులో కిటికీ ఉండాల్సిన చోట ఇంత పెద్ద కమాను, అందులోంచి ఆకాశం కనిపిస్తుంది. కాలేజీ దాని పక్కనే. హిస్టరీ తీసుకున్న పిల్లకు ఇంతకన్నా ఏం కావాలి?

చేర్చే ముందు మమ్మల్నీ రమ్మన్నారు. ఫీజుల బోర్డు, ర్యాంకుల ఫ్లెక్సీ ఉంటాయేమోనని నా కళ్ళు వెతికాయి, అలవాటు కదా! అక్కడి ఫిజిక్స్ మాస్టారు నావైపు చూడనైనా చూడలేదు. "నీకు ఇందులో ఏది ఇష్టం?" అని దాన్నే అడిగారు. అది తడుముకుని, "ఊయల ఎందుకు ఆగిపోతుందో తెలుసుకోవాలని ఉంది" అంది. ఇక ఇద్దరూ నన్ను మర్చిపోయారు. అన్నట్టు, ఇక్కడ చాలా సిక్స్త్ ఫామ్ కాలేజీల్లో పిల్లలు టీచర్లను పేరుపెట్టి పిలుస్తారు. అమ్మకు మాత్రం చెప్పకండి.

ఈ ప్రాంతమంతా ఇనుప గనులు, ఉక్కు మీద బతికింది. దగ్గర్లోని రెడ్‌కార్ ఉక్కు ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. మా వీధి చివరి పెద్దాయన బడి మానేసి నేరుగా అందులో చేరారట. మనవడిది అలా కుదరదు, పద్దెనిమిది నిండేదాకా చదువో, పని నేర్చుకోవడమో ఏదో ఒకటి చట్టప్రకారం తప్పదు. ఆ అబ్బాయి చిట్టి క్లాసే. వాళ్ళింట్లో యూనివర్సిటీకి వెళ్ళే మొదటివాడు వాడే అవుతాడని పెద్దాయన బస్టాపులో అందరికీ చెబుతుంటారు. చిట్టి కనిపిస్తే ఆపి, మావాడు సరిగ్గా చదువుతున్నాడా అని ఆరా. పాపం ఆ పిల్లాడు! ఊళ్ళో కాలేజీ అంటే ఇదే మరి, ఎవరి కళ్ళూ తప్పించుకోలేరు.

చిన్న ఊరి కష్టాలూ ఉన్నాయి. రైలు 1964లోనే ఆగిపోయింది. పల్లెల పిల్లలకు బస్సే దిక్కు, అది తప్పితే తల్లిదండ్రులు కారేసుకుని రావాల్సిందే. పిల్లలు తక్కువైతే ఏ కాలేజీకైనా అన్ని సబ్జెక్టులూ నడపడం కష్టం. అందుకేనేమో 2016లో దీన్ని స్టాక్‌టన్ సిక్స్త్ ఫామ్‌తో కలిపారు. అయినా మన హాస్టళ్ళలో తెల్లవారుజామునే లేపి రుబ్బించే చదువుకన్నా నాకిదే నయమనిపిస్తోంది. మీరు ఒప్పుకోరని తెలుసు.

మరో మాట. జీసీఎస్‌ఈలో లెక్కలు, ఇంగ్లీషుల్లో పాస్ కింద లెక్కేసే నాలుగో గ్రేడైనా రానివాళ్ళు ఇక్కడికొచ్చాక కూడా అవి చదువుతూనే ఉండాలి. అలాంటి ఇద్దరికి చిట్టి మధ్యాహ్నం పూట లెక్కలు చెబుతోంది. విసుక్కోవడం కూడా అచ్చం మీ పోలికే.

ఆదివారం ప్రొజెక్టైల్స్ మీద ఏవో సందేహాలున్నాయని మీకు వీడియో కాల్ చేస్తుందట. మధ్యాహ్నం నిద్ర లేచాక ఫోన్ దగ్గర పెట్టుకోండి.

మీ
పెద్దమ్మాయి