కత్తెర ఎక్కడ పడిందో చూడాలి

సంపాదకులకు,

తొలినాటి హాలీవుడ్ గ్యాంగ్‌స్టర్ సినిమాలు నేరగాళ్లను హీరోలను చేశాయనీ, అందుకే 1934లో నిబంధనలు బిగించారనీ మీ ఆదివారం సంచికలో రాశారు. అది సగం నిజం. ఆ సినిమాల్లో పెద్దలకు గుచ్చుకున్న వాటిలో తుపాకీ మోతతో పాటు పోలీసు మామూళ్లూ ఉన్నాయి.

1912 జులైలో న్యూయార్క్‌లో హెర్మన్ రోసెంథాల్ అనే జూదశాల యజమానిని కాల్చి చంపారు. పోలీసు లెఫ్టినెంట్ చార్లెస్ బెకర్ తన దగ్గర వాటా తింటున్నాడని అతను పత్రికకెక్కి కొద్దిరోజులే అయింది. అక్టోబరులో బెకర్‌ను కోర్టు దోషిగా తేల్చింది. ఆ నెలాఖరునే మూకీల నాటి దర్శకుడు డి.డబ్ల్యు. గ్రిఫిత్ తీసిన 'ది మస్కెటీర్స్ ఆఫ్ పిగ్ ఆలీ' విడుదలైంది. దాని చివర్లో ముఠా నాయకుడు పోలీసు చేతికి చిక్కకుండా బయటపడతాడు. అంతలో తలుపు పక్కనుంచి ఒక చెయ్యి అతనికి నోట్లు అందిస్తుంది. ఎవరి చెయ్యో చూపరు. తెరమీద అక్షరాలు మాత్రం 'వ్యవస్థలోని లంకెలు' అంటాయి. లంచం గురించి ఇంత తక్కువలో ఇంత చెప్పిన షాట్ మరొకటి నాకు తెలియదు.

'ది రాకెట్' (1928) ఇంకా సూటిగా వెళ్లింది. రాజకీయ అండ ఉన్న దొంగసారా వ్యాపారి నిజాయితీపరుడైన కెప్టెన్‌ను బదిలీ చేయిస్తాడు. తొలి ఆస్కార్లలో ఉత్తమ చిత్రానికి పోటీపడిన ఆ సినిమాను షికాగోలో నిషేధించారు. 'స్కార్‌ఫేస్' (1932)కైతే సెన్సారు ఒత్తిడితో 'జాతికి సిగ్గు' అని ఉపశీర్షిక తగిలించారు, ఉరిశిక్షతో ముగిసే ఇంకో చివరనూ తీశారు. అప్పటికి ముఠా నాయకుడిగా వేసిన పాల్ ముని అందుబాటులో లేకపోవడంతో ఖైదీ ముఖమే కనపడదు. దేశ న్యాయస్థానాలను అన్యాయమైనవిగా చూపరాదని హాలీవుడ్ సినిమాలకు పెట్టిన 1930 నియమావళిలోనే ఉంది. 1934 జులై నుంచి దాన్ని గట్టిగా అమలు చేశారు. మరుసటేడు, అంతకుముందు ముఠా మనిషిగా పేరుపొందిన జేమ్స్ కాగ్నీ ప్రభుత్వ ఏజెంటుగా తెరకెక్కాడు.

ఈ సినిమాలు వేసే ఫిల్మ్ క్లబ్బులకూ కాలేజీలకూ ఒక విన్నపం. ముందు ప్రతిని పరీక్షించండి. 'స్కార్‌ఫేస్' చివర ఉరి ఉంటే అది మార్చిన ప్రతి. గ్రిఫిత్ సినిమా ఒక్క రీలు. 1000 అడుగుల రీలులో 16,000 ఫ్రేములుంటాయి. సెకనుకు 16 చొప్పున నడిపితే దాదాపు 17 నిమిషాలు వస్తుంది, నేటి 24 వేగంతో 11 నిమిషాల్లో అయిపోతుంది. అలా పరుగెత్తిస్తే ఆ చెయ్యి నోట్లు అందించడం చాలామంది కంట పడకుండానే సినిమా ముగుస్తుంది.

— ఒక పాఠకుడు, విజయవాడ