తలకోనకు 8 రెట్ల బైనాక్యులర్ చాలు

సంపాదకులకు నమస్కారం.

తలకోన అడవికి పిట్టల్ని చూడబోయేవారిలో కొందరు 'ఎంత పెద్దగా కనిపిస్తే అంత మేలు' అనుకుని 12, 20 రెట్ల బైనాక్యులర్లు కొంటున్నారు. దట్టమైన చెట్ల మధ్య అవి దండగే. రెట్లు పెరిగేకొద్దీ కనిపించే మేర కుంచించుకుపోతుంది, చేతి వణుకు పెద్దదవుతుంది. కొమ్మ దొరికేలోపే పిట్ట ఎగిరిపోతుంది.

8×42 తీసుకోండి; అంటే 8 రెట్లు పెద్దగా చూపేది, ముందరి అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు ఉండేది. 42ని 8తో భాగిస్తే 5.25 మిల్లీమీటర్లు, కంటికి చేరే వెలుగు వెడల్పు అది. జేబులో పట్టే 10×25లో 2.5 మాత్రమే. పొద్దున్నే చెట్ల నీడలో కంటిపాప పెద్దదై ఉంటుంది కాబట్టి చిన్నదాంట్లో బొమ్మ మసకగా ఉంటుంది.

కొన్నాక, రెండు కళ్ల చూపులో తేడాను సరిచేసే కుడికంటి రింగును చాలామంది ముట్టుకోరు. ముందు కుడివైపు ముందరి అద్దానికి మూత పెట్టి, ఎడమకంటితో చూస్తూ మధ్యచక్రం తిప్పి ఒక ఆకును స్పష్టంగా తెచ్చుకోవాలి. తర్వాత మూతను ఎడమవైపుకు మార్చి, చక్రం కదపకుండా, కుడి రింగుతో అదే ఆకును సరిచేయాలి. ఇది చేయకుంటే కళ్లు లాగుతాయి, తల నొస్తుంది. కళ్లజోడున్నవారు కన్ను పెట్టేచోట ఉండే రబ్బరు కప్పులు కిందికి దించుకోవాలి.

వానలో తడిసినదాన్ని అలాగే సంచిలో పెడితే అద్దాలకు బూజు పడుతుంది.

తలకోన ప్రవేశద్వారం దగ్గర అటవీశాఖ నాలుగు 8×42లు అద్దెకిస్తే బడిపిల్లలకు ఎంతో మేలు.

– ఒక పాఠకుడు, తిరుపతి