ట్రిప్టోఫాన్ బిళ్లలు అడిగేవారి కోసం

సంపాదకులు గారికి,

ఫంగస్ రాకుండా ట్రిప్టోఫాన్ ఎలా కాపాడుతుందో చెబుతూ ఈమధ్య మీ ఆరోగ్యం పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. అందులో ప్రస్తావించిన పరిశోధన నిజమే. కానీ సగమే చెప్పి వదిలేశారు. నేను రాజాంలో మందుల షాపు నడుపుతున్నాను. ఆ పేపరు ముక్క జేబులో పెట్టుకుని వచ్చి ‘ఈ బిళ్లలున్నాయా’ అని అడుగుతున్నారు. అందుకే ఈ ఉత్తరం.

ట్రిప్టోఫాన్ మన ఒంట్లో తయారుకాని అమైనో ఆమ్లం, అంటే ప్రొటీన్లకు ముడిసరుకు. తిండిలోంచే రావాలి. గుడ్లు, పాలు, చేపలు, పప్పులు, నువ్వులు, వేరుశెనగ, అన్నింటిలోనూ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 4 మిల్లీగ్రాములు చాలు. అంటే 60 కిలోల మనిషికి 240. రెండు పూటలా అన్నం, పప్పు కడుపునిండా తినేవారికి అది బిళ్లలు లేకుండానే అందుతుంది.

అసలు ఫంగస్ విషయంలో పనిచేసేది ట్రిప్టోఫాన్ కాదు, అది విరిగినప్పుడు పుట్టే పదార్థాలు. ఎవరు విరుస్తున్నారన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. జీర్ణాశయంలో, పేగుల్లో ఉండే లాక్టోబాసిల్లస్ బాక్టీరియా చక్కెరకు బదులు ట్రిప్టోఫాన్‌ను వాడుకునేటప్పుడు ఇండోల్-3-ఆల్డిహైడ్‌ను వదులుతుంది. అది మన రోగనిరోధక కణాల్లోని ఏహెచ్ఆర్ అనే గ్రాహకానికి (కణం సంకేతాలు అందుకునే చోటుకు) అతుక్కుంటుంది. దాంతో ఆ కణాలు ఇంటర్‌లూకిన్-22 అనే సంకేత ప్రొటీన్‌ను తయారుచేస్తాయి. అది పేగు లోపలి పొరను బలపరిచి, క్యాండిడా అనే ఫంగస్‌ను అక్కడ పాతుకోనివ్వదు. ఇటలీలోని పెరూజియా విశ్వవిద్యాలయానికి చెందిన లుయిజినా రొమాని బృందం 2013లో ఈ సంగతి చూపించింది. చూపించింది ఎలుకల్లో. ఆ ఒక్క మాట మీ వ్యాసంలో లేదు.

మన సొంత కణాలు ఇదే ట్రిప్టోఫాన్‌ను ఐడీవో అనే ఎంజైముతో విరిచి కైన్యురెనిన్ అనే మరో పదార్థంగా మారుస్తాయి. దాని పని రోగనిరోధక శక్తిని పెంచడం కాదు, అదుపులో పెట్టడం. ఫంగస్‌తో పోరు శ్రుతి మించితే దెబ్బతినేది మన ఒళ్లే కదా. ఎలుకల్లో ఈ ఎంజైమును ఆపేస్తే క్యాండిడా ఇన్ఫెక్షనూ ముదిరింది, దాంతోపాటు వాపూ ముదిరింది. అలాగని ఆ అదుపు మరీ ఎక్కువైనా ఫంగస్‌కే లాభం. ఇంత సున్నితమైన ఏర్పాటును పట్టుకుని ‘ఇమ్యూనిటీ పెంచుతుంది’ అని మీ వ్యాసం ఒక్క ముక్కలో తేల్చేయడం నాకు బాధ కలిగించింది.

మొన్న ఒకాయన వాళ్లమ్మను వెంటబెట్టుకుని వచ్చి ఆ బిళ్లలే అడిగాడు. ఆమెకు షుగరుంది. ‘నోరంతా మంట బాబూ, కూడు మింగలేకపోతన్నాను’ అంది. నోరు తెరిపించి చూస్తే బుగ్గల లోపల, నాలుక మీద పెరుగు తరకల్లాంటి తెల్లపూత. ఈమధ్య ఏం మందులు వాడారని అడిగితే, కొడుకు సంచిలోంచి ఖాళీ స్ట్రిప్పులు తీశాడు. దగ్గు తగ్గలేదని డాక్టరు చీటీ లేకుండానే వరసగా కొన్న యాంటీబయాటిక్‌లు! క్యాండిడాను అదుపులో ఉంచే మంచి బాక్టీరియాను కూడా చంపేసేవి అవే. రక్తంలో చక్కెర పెరిగితే ఫంగస్‌కు ఇంకా సులువు. ఆమెకు కావాల్సింది షుగర్ పరీక్ష, డాక్టరు రాసిచ్చే ఫంగస్ మందు. బిళ్లలు ఇవ్వకుండా ఆసుపత్రికి పంపాను.

ట్రిప్టోఫాన్ బిళ్లలకు చెడ్డ చరిత్ర కూడా ఉంది. 1989లో అమెరికాలో వాటిని వాడిన 1,500 మందికి పైగా తీవ్రమైన కండరాల నొప్పులతో జబ్బుపడ్డారు, 30 మందికి పైగా చనిపోయారు. ఆ కేసుల్లో చాలావరకు ఒకే కంపెనీ సరుకుతో ముడిపడి ఉన్నాయి. సరుకు శుభ్రంగా ఉన్నా, డిప్రెషన్ మందులు వేసుకునేవారు వీటిని కలిపి వాడితే ట్రిప్టోఫాన్ నుంచి ఒంట్లో తయారయ్యే సెరొటోనిన్ అనే రసాయనం ప్రమాదకరంగా పెరగొచ్చు. ఇంటర్నెట్‌లో తెప్పించుకునేవారికి ఈ సంగతి ఎవరు చెబుతారు?

మరి ఆ మంచి బాక్టీరియా కోసం పెరుగో, తరవాణో (పులిసిన అన్నం నీళ్లు) తాగమంటారా అని కొందరు అడుగుతున్నారు. తరవాణి, చోడి (రాగి) అంబలి మా ఇంట్లో ఇప్పటికీ ఉన్నాయి, ఇష్టంగా తాగుతాం. ఫంగస్‌కు మందుగా మాత్రం ఎవరికీ చెప్పను.

దయచేసి అదే పేజీలో మిగతా సగం కూడా వేయండి. చీటీ మీదే అమ్మాల్సిన యాంటీబయాటిక్ స్ట్రిప్పుల మీద నిలువుగా ఎర్రగీత ఉంటుంది. దాని గురించి కేంద్ర ప్రభుత్వం 2016లోనే ప్రచారం మొదలుపెట్టింది. ఇక్కడ కొనేవారిలో చాలామందికి అదేమిటో తెలియదు. ఆ గీత కనిపించేలా ఒక ఫొటో వేసి, కింద రెండు ముక్కలు రాయండి. పేపరు ముక్క తెచ్చి బిళ్లలు అడిగేవారికి నేను దాన్ని చూపిస్తాను.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు,
రాజాం, విజయనగరం జిల్లా