సియోల్ కోటగోడ నడక ఇకపై రెండు రోజులు

మా నడకలకు వచ్చినవారికీ, రాబోయేవారికీ నమస్కారం. సియోల్‌కు వచ్చే తెలుగువారిని ఇక్కడి పాత కోటగోడ వెంట కొండల మీదుగా నడిపించడం నా వృత్తి. ఇన్నాళ్లూ చుట్టూ ఉన్న 18.6 కిలోమీటర్లనూ ఒకే రోజులో పూర్తి చేయించేవాణ్ణి. ఆ నడకను ఆపేస్తున్నాను. కారణం దాచకుండా చెబుతాను.

గత నవంబరులో పదకొండు మందితో ఉదయం ఏడున్నరకు తూర్పు ద్వారం హుంగిన్‌జిమున్ దగ్గర బయలుదేరాం. నమ్‌సాన్ ఎక్కి దిగాం, దక్షిణ ద్వారం సుంగ్నేమున్ దాటాం, ఇన్వాంగ్ కొండ కూడా దిగి బుగాక్ కొండ మొదట్లో ఉన్న ద్వారం చాంగ్విమున్ చేరేసరికి మధ్యాహ్నం మూడూ ఇరవై అయింది. బుగాక్ కొండ దారి అప్పటికే మూసేశారు. అక్టోబరులో నాలుగింటి వరకు లోపలికి పంపుతారు, నవంబరు నుంచి మూడింటికే ఆపేస్తారు. అది చూసుకోవలసింది నేను. చూసుకోలేదు. గుంటూరు నుంచి కూతురి దగ్గరికి వచ్చిన విశ్రాంత ఉపాధ్యాయుడు ఒకరు ఆ కొండ మీది ఉత్తర ద్వారం సుక్‌జంగ్‌మున్ గురించి నెలల తరబడి చదువుకుని వచ్చారు. మర్నాడే ఆయన తిరుగు ప్రయాణం. “ఫరవాలేదు బాబూ, ఇంత దూరం నడిపించావు కదా” అన్నారు. ఆ మాటకు నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ పదకొండు మందికీ పూర్తి సొమ్ము ఈ వారం వెనక్కి పంపుతున్నాను. అప్పుడే పంపవలసింది. చాలా దూరం నడిచాం కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను, అది సరైన పని కాదు. మాస్టారు మళ్లీ వస్తే బుగాక్ మీదికి ఆయన్ను నేనే తీసుకువెళతాను, రుసుము తీసుకోను.

వేళ తప్పడం ఒక్కటే అయితే గంట ముందు బయలుదేరితే సరిపోయేది. తొందరలో నేను మీకు గోడనే చూపించడం లేదు, అదీ నా అసలు బాధ. రాజు తేజో 1396లో ఈ గోడ కట్టించినప్పుడు పొడవంతా 97 భాగాలుగా విడగొట్టారు. ఆ రోజుల్లో పిల్లలు చైనా అక్షరాలు నేర్చుకునే వెయ్యి అక్షరాల పద్యం నుంచి వరుసగా ఒక్కో భాగానికి ఒక్కో అక్షరం పేరు పెట్టారు. ‘ఆకాశం’ అనే అక్షరంతో బుగాక్ శిఖరం దగ్గర మొదలు. ఏ భాగాన్ని ఏ ఊరివాళ్లు కట్టారో రాళ్ల మీద చెక్కారు. మన గుడి మెట్ల మీద దాతల పేర్లు ఉంటాయి, ఇక్కడ ఉన్నవి బాధ్యుల పేర్లు. గోడ కూలితే కట్టినవాళ్లే వచ్చి మళ్లీ కట్టాలి.

రాయి చూస్తే కాలం తెలుస్తుంది. తేజో నాటివి పెద్దగా చెక్కని, చిన్నాపెద్దా కలిసిన రాళ్లు. 1422లో సెజోంగ్ రాజు మట్టితో ఉన్న చోట్లను కూడా రాతితో కట్టించాడు, ఆ రాళ్లు అంచులు గుండ్రంగా మొక్కజొన్న గింజల్లా కనిపిస్తాయి. 1704లో సుక్‌జోంగ్ మొదలుపెట్టిన మరమ్మతుల్లో చదరపు రాళ్లు వచ్చాయి. నక్సాన్ కొండ దగ్గర గోడకు బయటివైపు నిదానంగా నడిస్తే ఇవి ఒకదాని పక్కన ఒకటి కనబడతాయి. ఒక్క రోజు నడకలో అక్కడ నేను ఇచ్చింది పది నిమిషాలు!

బుగాక్ మీద కూడా అంతే. 1968 జనవరి 21న అధ్యక్ష భవనం మీద దాడికి వచ్చిన ఉత్తర కొరియా కమాండోలకూ ఇక్కడి బలగాలకూ కాల్పులు జరిగాక ఈ కొండను ప్రజలకు మూసేశారు. గోడ వెంట దారి మళ్లీ తెరిచింది 2007లో. ఆనాటి తూటాల గుర్తులు పదిహేను ఒక పాత పైన్ చెట్టు మీద ఇంకా ఉన్నాయి. దాని ముందు కాసేపు నిలబడకుండా ఎలా వెళ్లిపోతాం?

కొత్త పద్ధతి ఇది. మొదటి రోజు ఉదయమే చాంగ్విమున్ దగ్గర మొదలుపెడతాం. మొదట్లోనే నిటారుగా మెట్లు ఉంటాయి, ఆయాసం వస్తుంది. అయినా ఆ మెట్లు ఎక్కడమే మేలు, దిగితే మోకాళ్లు పట్టేస్తాయి. శిఖరం 342 మీటర్లు. అక్కడి నుంచి సుక్‌జంగ్‌మున్ మీదుగా నక్సాన్, హుంగిన్‌జిమున్ దాటి 8.6 కిలోమీటర్లు. పులిహోర పొట్లాలు నేను తెస్తాను, నక్సాన్ మీద తిందాం. రెండో రోజు నమ్‌సాన్, ఇన్వాంగ్ కొండలు. వాటి మధ్య 1.8 కిలోమీటర్లలో గోడ చాలావరకు పోయింది, పడమటి ద్వారం దోనుయిమున్‌ను 1915లో ట్రాము దారి కోసం పడగొట్టారు. ఆ ముక్క బస్సులో దాటుదాం.

రుసుము మనిషికి 90,000 వన్‌ల నుంచి 1,20,000కు పెరుగుతుంది. రెండు రోజుల పని, గుంపు కూడా పదకొండు నుంచి ఎనిమిదికి తగ్గిస్తున్నాను, అంతకు తక్కువకు నాకు గిట్టదు. పాత ధరకు ఇప్పటికే డబ్బు కట్టినవారు అదనంగా ఏమీ ఇవ్వనక్కరలేదు. రెండో రోజు వీలుకాదంటే సగం వెనక్కి ఇస్తాను. వాన రోజుల్లో ఇన్వాంగ్ గ్రానైట్ బండలు జారతాయి కాబట్టి ఆ కొండను మరో రోజుకు మారుస్తాను.

మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు ముందే చెప్పండి, మొహమాటపడవద్దు. నక్సాన్ ఒక్కటే నడవవచ్చు. ఎత్తు 125 మీటర్లే, దారి 2.1 కిలోమీటర్లు, గంటలో అయిపోతుంది. అమ్మానాన్నలను తీసుకువచ్చేవారికి నేను ముందుగా చెప్పేది ఆ నడకే.