మోకాలి గుజ్జు వ్యాపారంపై ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారాలతో రాస్తున్న నాలుగో లేఖ ఇది. నా భార్య మోకాళ్లకు మూలకణాల (స్టెమ్ సెల్స్) పేరుతో జరిగిన చికిత్సపై ఇంతకుముందు ఇచ్చిన మూడు వినతిపత్రాలకూ వచ్చిన జవాబులను వరుసగా పెట్టి చూస్తే, ఈ ఏడాదిలో నా భార్య కంటే నా కాగితాలే ఎక్కువ దూరం నడిచాయని తేలింది. అందుకే ఈసారి పదిమందీ చదివేలా రాస్తున్నాను.

మూలకణ చికిత్సపై భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017లో వెలువరించిన మార్గదర్శకాలను తమరికి నేను వివరించనవసరం లేదు. రక్త సంబంధమైన వ్యాధులకు చేసే మూలకణ మార్పిడి తప్ప తక్కినదంతా అనుమతి పొందిన ప్రయోగాలలో భాగంగానే జరగాలనీ, ఆ ప్రయోగాలలో రోగి దగ్గర డబ్బు పుచ్చుకోకూడదనీ పదవీ విరమణ చేసిన తెలుగు పండితుణ్ణయిన నాకే తెలిసింది. కాకపోతే డబ్బు కట్టిన తరువాత తెలిసింది.

మా ఆవిడ వయసు 61 ఏళ్లు. రెండు మోకాళ్లలోనూ గుజ్జు నాలుగో గ్రేడు, అంటే చివరి దశ వరకూ అరిగిపోయిందనీ, కీలు మార్పిడి చేయించుకోవడమే మంచిదనీ మా ఊరి ఎముకల డాక్టరు చెప్పారు. కోత అంటే ఆమెకు భయం. ఆ భయమే మమ్మల్ని నగరంలోని ఒక క్లినిక్కుకు తీసుకువెళ్లింది. తుంటి ఎముకలోంచి మూలకణాలుండే మజ్జ తీసి, యంత్రంలో తిప్పి, ఆ పూటే రెండు మోకాళ్లలోకీ ఎక్కించి, 2 లక్షల 80 వేల రూపాయలు తీసుకున్నారు. ఆరు నెలల్లో గుజ్జు మళ్లీ పెరుగుతుందన్నారు. రసీదులో మాత్రం మూలకణం అన్న మాటే లేదు, ‘ప్రొసీజర్ చార్జీలు’ అని ఉంది. పది నెలలు గడిచాయి. ఆమె ఇప్పుడు గోడ పట్టుకుని, పక్కకు తిరిగి, ఒక్కొక్క మెట్టే దిగుతోంది.

ఆ క్లినిక్కు గోడమీద ఒక వార్తాపత్రిక కత్తిరింపును అద్దం కట్టించి పెట్టారు. మోకాలి అరుగుదలకు ఒక మూలకణ ఔషధానికి 2022లో కేంద్ర ఔషధ నియంత్రణాధికారి అనుమతి ఇచ్చారన్న వార్త అది. వార్త నిజమే. అయితే ఆ మందు ఆరోగ్యవంతులైన దాతల మజ్జ నుంచి తీసిన కణాలను ప్రయోగశాలలో పెంచి తయారుచేసినది, దాన్ని పరీక్షించింది రెండు, మూడు గ్రేడుల అరుగుదల ఉన్నవారిలో. మా ఆవిడకు ఎక్కించింది అది కాదు, ఆమెది ఆ గ్రేడూ కాదు. ఒక మందుకు దొరికిన అనుమతి నీడన ఇలా ఎన్ని దుకాణాలు వెలిశాయో తమ శాఖ ఎన్నడైనా లెక్క తీసిందా?

నా మొదటి వినతిని చూసిన కార్యాలయం, మూలకణమంటే మందు కనుక మందుల విభాగాన్ని అడగమంది. రెండో కార్యాలయం, ఒక మనిషి మజ్జను ఆ రోజే ఆ మనిషికే ఎక్కిస్తే అది మందు కాదు, వైద్య ప్రక్రియ అంది. మూడో కార్యాలయం, డాక్టరు నిర్లక్ష్యానికి ఆధారం ఉంటే తెమ్మంది, చికిత్సకు శాస్త్రీయత ఉందో లేదో తేల్చడం తమ పని కాదంది. చివరికి ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడింది’ అని ఫోనుకు సందేశం వచ్చింది. కర్మణి ప్రయోగాన్ని ముప్పై ఏళ్లు పిల్లలకు బోధించాను గానీ, కర్త ఎవరో చెప్పకుండా పని అయిపోయిందనడంలో ఉన్న సౌలభ్యం నాకు ఆనాడే బోధపడింది.

అయ్యా, నా డబ్బు తిరిగి ఇప్పించమని ఇక అడగను. అది ఉంటే కీలు మార్పిడికి పనికొచ్చేదన్న బాధ మా ఇంట్లోనే ఉంటుంది. మోకాలికి మూలకణాలని బోర్డు పెట్టిన ప్రతి చోటా, అది అనుమతి ఉన్న మందో, నమోదైన ప్రయోగమో, రెండూ కాదో రోగికి కనబడేలా రాయించండి. ఆ పని ఏ కార్యాలయానిదో ముందు తమరే తేల్చండి.

వచ్చే ఆదివారం ఆ క్లినిక్కువారు మా పక్క మండలంలో ‘ఉచిత మోకాలి పరీక్షా శిబిరం’ పెడుతున్నారు. కరపత్రం జతచేస్తున్నాను. ఉచితమైనది పరీక్ష వరకే. అక్కడికి తమ అధికారి ఒక్కరు వచ్చి, గోడమీద తగిలించే ఆ కత్తిరింపును చదివి వెళ్లినా సంతోషిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు పండితుడు