మలాకీ 3:10 సరే, 3:5 మాటేమిటి?

చర్చిల్లో దశమభాగం (రాబడిలో పదో వంతు దేవునికివ్వడం) గురించి బోధిస్తున్నంతగా కూలి గురించి బోధించడం లేదు. కానుకల వేళ, దశమభాగం తెమ్మనే బైబిల్ వచనం మలాకీ 3:10 తప్పక వినిపిస్తుంది. దానికి ఐదు వచనాల ముందే కూలివాళ్ల కూలి బిగబట్టేవారిపై, విధవరాళ్లను, తండ్రిలేని పిల్లలను బాధించేవారిపై దేవుడు తీర్పు ప్రకటించిన మాట మాత్రం వినబడదు. ద్వితీయోపదేశకాండం 24:15 పొద్దుగూకక ముందే కూలి ఇచ్చేయమంటుంది. యాకోబు 5:4 అయితే, బిగబట్టిన కూలే మొరపెడుతోందంటుంది. దళిత, కూలి కుటుంబాలే ఎక్కువగా ఉన్న తెలుగు సంఘాల్లో ఇవి పక్కనపెట్టే వాక్యాలా? ముందు సంఘాలే తమ వాచ్‌మన్‌కు, ఊడ్చేవారికి నెల జీతం, చట్టం చెప్పినట్టు, 7వ తేదీలోగా చెల్లించాలి. ద్వితీయోపదేశకాండం 14:28-29 ప్రకారం మూడో ఏటి దశమభాగంలో లేవీయులతో (ఆరాధన సేవ చేసే గోత్రంవారితో) పాటు పరదేశులకు, తండ్రిలేనివారికి, విధవరాళ్లకు వాటా ఉంది. వారికి ఎంత చేరిందో ఏటా చర్చి నోటీసు బోర్డుపై లెక్క చూపాలి.